వేడి నుదురు వాళ్లంతా బయటికి

నుదురు వేడిగా ఉన్నవాళ్లు విద్యకు ప్రమాదమని మా విశ్వవిద్యాలయం కనిపెట్టింది. ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లూ ప్రపంచంలో ఎవడికీ తట్టకపోవడం విడ్డూరమే. కనిపెట్టింది ఏసీ గదిలో. వేడి గురించిన గొప్ప ఆలోచనలన్నీ అక్కడే పుడతాయి మరి.

మా విశ్వవిద్యాలయం ఎక్కడుందో చెప్పను. మే నెలలో గోడకు చెయ్యి ఆనిస్తే బొబ్బ లేచే చోటు అనుకోండి, చాలు. అక్కడి అమ్మాయిల హాస్టల్ మెస్సులో బాలనర్సవ్వ వంట చేసేది. హాస్టల్ తెరిచిన నాటినుంచీ ఆ పొయ్యి ఆమెదే. వంటగదికి కిటికీ ఒకటే. అది తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ. కట్టిన ఇంజనీరుకు ఆ ఏడే ప్రమోషన్ వచ్చింది. పొగ బయటికి పోవాలంటే మనుషులే కళ్లల్లో నింపుకుని మోసుకుపోవాలి.

పొగ లాగే ఫ్యాను ఒకటి పెట్టించమని కాంట్రాక్టు కార్మికుల సంఘం తరఫున మేం అడగని అధికారి లేడు. ఆ వేసవిలో నర్సవ్వ పప్పు గుండిగ పక్కన కళ్లు తిరిగి పడిపోయింది. గుండిగలో పడనందుకు సంతోషించి, మర్నాడు గిన్నెలు బోర్లించుకుని పరిపాలనా భవనం ముందు కూర్చున్నాం. వైస్ చాన్సలర్ ఆచార్య పరాంకుశరావు గారు మెట్ల మీదికి వచ్చారు. మూడో మెట్టు దాకా నీడ ఉంటుంది. అక్కడే ఆగారు.

"ముందు మీ ఉద్వేగాలు చల్లబడనివ్వండి. చల్లబడిన వాతావరణంలో సానుకూలంగా పరిశీలిద్దాం" అన్నారు.

"సార్, మేం చల్లబడాల్నంటెనే ఫ్యాను గావాలె" అంది నర్సవ్వ.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకుని, ఈ జనాన్ని ఫ్యాను లేకుండా చల్లార్చే మార్గం ఏమిటా అని ఆలోచనలో పడ్డారు.

మార్గం ఆ వారంలోనే దొరికింది.

ఆ ఏడు అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ క్వాంటం వారోత్సవం జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. క్వాంటం అంటే ఏమిటో ఉత్తర్వులో లేదు, ఫ్లెక్సీ ఎంత పొడవుండాలో ఉంది. మా దగ్గర ఆ మాట అర్థం తెలిసినవాడు ఒక్కడే: లింబాద్రి. భౌతికశాస్త్ర విభాగంలో గెస్టు లెక్చరరు. గెస్టంటే చుట్టం కాదు, పీరియడ్ లెక్కన కూలి. ఏ రోజుకైనా పర్మనెంటు చేస్తారని ఎదురుచూస్తూ ఉండేవాడు. అతను చదివింది కాంతి జాలకాల్లో అతిశీతల బోసాన్ పరమాణువుల సిద్ధాంతం. ఆ పేరు చెబితే పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు కూడా లేచిపోయారని విభాగంలో చెప్పుకునేవారు.

సెమినార్ హాల్లో లింబాద్రి ఉపన్యాసం. వీసీ గారు ముందు వరసలో, నిద్రకు అనువుగా కూర్చున్నారు. కుర్చీలు సర్దడానికి వెళ్లిన మేం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. చల్లగా ఉందని.

లింబాద్రి బాగానే చెప్పాడు. "టీ కప్పు మీద ఎందుకు ఊదుతాం? అన్నిటికంటే వేడిగా ఉన్న కణాలు ఆవిరై లేచిపోతాయి. మిగిలిన టీ చల్లబడుతుంది. పరమాణువులను చల్లార్చేదీ ఇట్లాగే. గిన్నెలో పట్టి ఉంచినట్టు ఉంచి, గిన్నె అంచు కాస్త దించుతారు. బాగా ఎగిరిపడేవి అంచు దాటి పోతాయి. మిగిలినవి ఒకదాన్నొకటి గుద్దుకుని, ఉన్న వేడి పంచుకుని సర్దుకుంటాయి. మళ్లీ అంచు దించుతారు. అట్లా దించుకుంటూ పోతే, విశ్వంలో ఎక్కడా లేనంత చల్లదనం వస్తుంది."

తర్వాత జాలకం సంగతి. లేజర్ కాంతిని ఎదురెదురుగా, అడ్డంగా నిలువుగా ప్రసరింపజేస్తే ఉత్త వెలుగుతోనే కోడిగుడ్ల అట్ట లాంటిది తయారవుతుందట. గుంటలు లోతు లేకపోతే పరమాణువు ఏ ఒక్క గుంటలోనూ ఉండదు. అన్ని గుంటల్లోనూ పరుచుకుంటుంది. అన్నీ కలిసి ఒకే ప్రవాహంగా పారతాయి. వెలుగు పెంచి గుంటలు లోతు చేస్తే, గుంటకొకటిగా ఎక్కడిదక్కడ కదలకుండా ఆగిపోతుంది. ఆ పారేది ఎప్పుడు ఆగుతుందో, ఆగింది ఎప్పుడు పారుతుందో కాగితం మీద లెక్కగట్టడమే లింబాద్రి పని.

"కదలకుండా" అన్న మాట దగ్గర వీసీ గారికి మెలకువ వచ్చింది.

"గుంటకొకటా?"

"అవును సార్."

"పక్క గుంటలోకి పోదా?"

"లోతు ఎక్కువైతే పోదు సార్. ఒకే గుంటలో రెండు ఉంటే వికర్షణ. దానికి శక్తి ఖర్చవుతుంది. అందుకని ఎక్కడిది అక్కడే."

"మరి ఆ పరమాణువులు ఎక్కడ? చూపించండి."

"మన దగ్గర లేవు సార్. నాది సిద్ధాంతం."

వీసీ గారు లేచి నిలబడ్డారు. ముఖం వెలిగిపోతోంది. "పరమాణువులు లేకపోతే పోనివ్వండి. మనుషులున్నారు కదా!" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. లింబాద్రి కూడా కొట్టాడు. పర్మనెంటు కావాలి కదా.

పాలకమండలి కూర్చుంది. వీసీ గారి ప్రసంగం: "అధ్యాపక, విద్యార్థి, కార్మిక కణ సముదాయం అవాంఛనీయమైన ఉద్వేగోష్ణోగ్రతతో సతమతమగుచున్నది. కావున అత్యుష్ణ కణముల బాష్పీకరణము ద్వారా సంస్థను దశలవారీగా శీతలీకరించవలెనని నిశ్చయించడమైనది."

ఉద్వేగాన్ని ఎట్లా కొలుస్తారని ఎవరో అడిగారు. శాస్త్రీయంగా, అన్నారు వీసీ గారు. శాస్త్రీయంగా అంటే ఎట్లా అని ఎవరూ అడగలేదు. కరోనా నాడు కొన్న నుదుటి తుపాకులు గోదాములో పెట్టెలకు పెట్టెలు మూలుగుతున్నాయని స్టోర్సు అధికారికి గుర్తొచ్చింది. నుదుటికి గురిపెట్టి నొక్కితే ఎంత వేడి ఉందో అంకె చూపిస్తుంది. హద్దు దాటితే అంకె ఉండదు, ఊరికే 'హై' అంటుంది. అంతే. ఉద్వేగం నుదుట్లో తేలింది.

రిజిస్ట్రార్ మురహరి గారికి ఒక సందేహం. ఆయన పాతికేళ్లుగా ప్రతి సమావేశంలోనూ ఒక సందేహం అడిగి, జవాబు వినకుండా సంతకం పెట్టే మనిషి.

"సార్, అందరికంటే వేడిగా ఉన్నవారిని తీసివేస్తాం. బాగుంది. మిగిలినవారిలో కూడా ఎవరో ఒకరు మిగతావారికంటే వేడిగా ఉంటారు కదా?"

"వారినీ తీసివేస్తాం."

"ఆ తర్వాత?"

"అంచు దించుతాం. పథకం అందమంతా అక్కడే ఉంది మురహరి గారూ. దీనికి అంతం లేదు."

మురహరి గారు సంతకం పెట్టారు. హోదాతో నిమిత్తం లేకుండా ఎవరికీ మినహాయింపు లేదని వీసీ గారు స్వహస్తంతో ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం చూసి మా సంఘంలో కూడా కొందరు మురిసిపోయారు. మనోళ్లు సమానత్వం అన్న మాట వింటే చాలు, ఏ విషయంలో సమానమో చూడరు.

తుపాకి మొదట ఎవరి మీద పేలిందో వేరే చెప్పాలా? వాచ్‌మన్ ఐలయ్య దాన్ని పట్టుకుని మెస్సు వంటగదికి వచ్చాడు. నర్సవ్వ గంజి వంచబోతోంది.

"ఏందిర ఐలా, తుపాకి వట్టుకొని వొచ్చినవ్? అన్నం గింత పలుకున్నది, కాల్చకు."

"వదినా, జర నుదురు జూపియ్యి. ఆర్డరున్నది."

చూపించింది. తుపాకి కూత పెట్టింది.

"ఏమంటున్నది?"

"హై అంటున్నది."

"మంచిదా, చెడ్డదా?"

"నౌకరికి చెడ్డది వదినా."

"జరమొచ్చిందా నాకు? పొయ్యి ముంగట నిలబడ్డదాని నుదురు కాలకుంటె, పొయ్యి ఆరినట్టురా. పది నిమిషాలు ఆగు, గంజి వంచి బయటికొస్త, అప్పుడు సూడు."

"ఆగొద్దని రాసిండ్రు. ఆగితె కణం సర్దుకుంటదంట."

నర్సవ్వ గరిటె కింద పెట్టి సరాసరి రిజిస్ట్రార్ గదికి పోయింది. నేనూ వెంట వెళ్లాను. మురహరి గారు మర్యాదస్తుడు, కూర్చోమన్నారు. కూర్చోవడానికి కుర్చీ లేదు.

"అమ్మా, మిమ్మల్ని ఎవరూ తొలగించలేదు. మీరు ఆవిరయ్యారు."

"అంటె?"

"తొలగిస్తే అప్పీలు చేసుకోవచ్చు. నోటీసివ్వాలి, కారణం చెప్పాలి. ఆవిరికి అవేమీ లేవు. అది ప్రకృతి ధర్మం."

"మళ్ల ఎప్పుడు రావాలె?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నెల లోపు తిరిగి ప్రవేశం లభించని యెడల సర్వీసు తెగినట్టు పరిగణింపబడును."

ఆ మాట ఎంత బరువైందో బయటివాళ్లకు తెలియదు. కాంట్రాక్టు మనిషికి ఉన్న ఒకే ఆస్తి సర్వీసు. ఏనాటికైనా పర్మనెంటు చేస్తే ఆ లెక్క ప్రకారమే చేస్తారు. తెగిందంటే నర్సవ్వ ఇన్నేళ్లు వండిన వంట వండనట్టే, నిన్న చేరిన పిల్లతో సమానం. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఫ్యాను సంగతి అటుంచితే, ఇప్పుడు నెల తిరక్కముందే గేటు లోపలికి రావడం ఆమె బతుకు సమస్య అయింది.

గేటు బయట నీడ లేదు. క్వాంటం వారోత్సవం ఫ్లెక్సీని ఊడదీసి నాలుగు కర్రలకు కట్టాం. వీసీ గారి నవ్వు ముఖం కింద మూడు రాళ్ల పొయ్యి వెలిగించింది నర్సవ్వ. లోపల మెస్సు మూతపడింది కాబట్టి ఆడపిల్లలంతా ఆ పూట గేటు బయటికే వచ్చి తిన్నారు. తలా ఇంత బియ్యం, పప్పు తెచ్చిచ్చారు.

ఇక అంచు దించడం మొదలైంది. వంటవాళ్లు పోయాక మాలీలు, పంపు తిప్పేవాళ్లు, ఊడ్చేవాళ్లు. ఎండలో పనిచేసే ప్రతివాడి నుదురూ నేరమే. సగటు ఉష్ణోగ్రత తగ్గిందని వీసీ గారు పత్రికలవాళ్లను పిలిచి గీత చూపించారు. గీత కిందికి పోతోంది. చెట్లూ పోతున్నాయి, నీళ్లు పోసేవాడు లేక. అది వేరే గీత.

తర్వాత విద్యార్థులు. క్రికెట్ ఆడినవాడు అవుట్. బస్సుకోసం పరుగెత్తినవాడు అవుట్. ప్రేమలేఖ అందుకున్న పిల్ల నుదురు ఎర్రబడితే అదీ అవుట్. మిగిలినవాళ్లకోసం కాంతి జాలకం వచ్చింది. ఆవరణంతా సున్నంతో గళ్లు గీయించారు. గడికొక మనిషి. లేజర్లు దొరక్క కాంట్రాక్టరు పెళ్లి పందిళ్ల ఫోకస్ లైట్లు తెచ్చి పట్టపగలు వెలిగించాడు. ఒక గడిలో ఇద్దరు కనిపిస్తే వికర్షణ ఉల్లంఘన కింద మెమో. చరిత్ర విభాగంలో గురువు ఒక గడిలో, శిష్యుడు ఆరు గళ్ల అవతల. పానిపట్టు యుద్ధం కేకలేసి చెప్పాల్సి వచ్చింది. అరిచి అరిచి గురువు నుదురు వేడెక్కింది. గురువు కూడా గేటు బయటికి వచ్చాడు. వస్తూనే, "భోజనమైందా?" అని అడిగాడు.

ఫోకస్ లైట్ల కింద నిలబడ్డవాడికి నుదురు వేడెక్కక ఏమవుతుంది? జాలకం వెలిగించిన వారంలో విభాగాలకు విభాగాలు ఖాళీ. వీసీ గారు దీన్ని వేగవంతమైన పురోగతి అన్నారు. డీన్లు ఐసుముక్కలు జేబురుమాలులో చుట్టి నుదుట పెట్టుకుని సంతకాలు చేసేవారు. ఫైళ్లన్నీ తడిసేవి. గణితశాస్త్ర అధిపతి మూడంతస్తులు ఎక్కి వచ్చాడు, లిఫ్టు వీసీ గారిది కాబట్టి. ఐసు కరిగిపోయింది. ఆయనా పోయాడు.

అప్పటికి గాని లింబాద్రికి ధైర్యం రాలేదు. వీసీ గారి గదికి వెళ్లాడు. గది ఎంత చల్లగా ఉందంటే, వీసీ గారు శాలువా కప్పుకుని ఉన్నారు.

"సార్, నేను చెప్పింది పరమాణువుల సంగతి. మనుషులకు అది వర్తించదు."

"మీరు సిద్ధాంతకర్తలు. అమలు మాకు వదిలేయండి. మీ పర్మనెంటు ఫైలు నా పరిశీలనలోనే ఉంది."

ఫైలు మాట వినగానే లింబాద్రి సగం చల్లబడ్డాడు. అయినా మిగిలిన సగం మాట్లాడింది.

"ఇంకొకటి చెప్పాలి సార్. ఇట్లా చల్లారిస్తే చివరికి మిగిలేది పిడికెడే. కోటి పరమాణువులతో మొదలుపెడితే, దాదాపు అన్నీ పోతాయి. పరమాణువులకు ఇంట్లో పిల్లల్లేరు కాబట్టి నడుస్తుంది. పైగా బోసాన్లు బాగా చల్లబడితే విడివిడిగా ఉండవు. అన్నీ ఒకే స్థితిలోకి దిగిపోతాయి. అప్పుడు ఒకదాన్ని వేరుచేసి ఇది ఫలానాది అని చూపించలేం."

"మీరు ఉద్వేగంగా మాట్లాడుతున్నారు" అన్నారు వీసీ గారు, తుపాకి కోసం సొరుగు లాగుతూ.

అట్లా సిద్ధాంతం కూడా గేటు బయటికి వచ్చింది.

నర్సవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వేనా బిడ్డా, మమ్ములందర్ని ఊదినోనివి?"

"నేను టీ గురించి చెప్పిన అమ్మా. మీ గురించి కాదు."

"టీ ముచ్చట టీ తాగెటోనితోని చెప్పాలె. నౌకర్లు పీకెటోనితోని చెప్తె వాడు నౌకర్లే పీకుతడు. గంత సదివినవ్, ఎవనితోని ఏం చెప్పాల్నో సదువలేదా?"

లింబాద్రి తల దించుకున్నాడు.

"తల దించుకుంటె కడుపు నిండదు. గా ఉల్లిగడ్డలు కొయ్యి."

అతను కోశాడు. బొటనవేలు కూడా కాస్త కోసుకున్నాడు. కన్నీళ్లు ఉల్లివో, పర్మనెంటు ఫైలువో తెలియలేదు. కాసేపటికి నర్సవ్వే పలకరించింది.

"ఇంతకు గా బోసాన్లంటె ఎవలు?"

"ఒకేచోట కలిసి ఉండడానికి అభ్యంతరం లేనివి అమ్మా. ఇంకో జాతి ఉంటది. వాటికి ఒకదాని జాగల ఇంకోటి ఉండుడు ససేమిరా పడదు."

"గా రెండో జాతి మన ఆఫీసుల మస్తున్నది" అన్నాడు ఐలయ్య. ముందు రోజే అతన్నీ తీసేశారు. గేటు దగ్గర ఎండలో నిలబడి అందరి నుదుళ్లూ కొలిచేవాడి నుదురు చల్లగా ఎట్లా ఉంటుంది?

చివరికి లోపల ఇద్దరే మిగిలారు. రాజధాని నుంచి విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు వేసే మదింపు బృందం వస్తోందని ఫోను వస్తే, ఆ కబురు చెప్పడానికి మురహరి గారు వరండాలో పరుగెత్తారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చేరేసరికి నుదురు కాలిపోతోంది. వీసీ గారు చింతిస్తూనే తుపాకి నొక్కారు.

మురహరి గారు గేటు బయట ఫ్లెక్సీ కిందికి వచ్చి, కూర్చోవాలా వద్దా అని నిలబడ్డారు. నర్సవ్వ విస్తరి వేసింది. "కూసో సార్. ఇక్కడ కుర్చీలు ఎవ్వలికి లేవు, నీకొక్కనికే లేవనుకోకు" అంది. ఆయన వంకాయ కూర రెండుసార్లు వేయించుకుని తిన్నారు. తిన్నాక నెమ్మదిగా, "అమ్మా, మీకు రేపటితో నెల" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన ఎవరికైనా ఒక సంగతి తనంతట తాను చెప్పడం అదే మొదలు.

ఆ పూట నర్సవ్వ మాత్రం తినలేదు.

మర్నాడు మదింపు బృందం వచ్చింది. అధ్యక్షుడు డాక్టర్ సత్యవ్రత్, వెనక ఇద్దరు సభ్యులు. వాళ్ల కారు మా పక్కనుంచే పోయింది. కిటికీ అద్దాలు దించలేదు. లోపల ఏం జరిగిందో కారు డ్రైవరు తర్వాత మాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. సున్నపు గళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్క గడిలోనూ మనిషి లేడు. ఒక్క నినాదం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క దగ్గు కూడా లేదు. వీసీ గారు తానే స్వాగతం పలికి, తానే నీళ్లు అందించి, తానే నివేదిక చదివారు. ఉన్నవారిలో అత్యధిక ఉష్ణోగ్రత: వైస్ చాన్సలర్. అత్యల్ప ఉష్ణోగ్రత: వైస్ చాన్సలర్. సగటు: వైస్ చాన్సలర్. హెచ్చుతగ్గులు: శూన్యం.

"అపూర్వం. దేశంలో ఇంత స్థిరత్వం ఎక్కడా చూడలేదు" అన్నారట సత్యవ్రత్ గారు. ఆ తర్వాత గడియారం చూసుకుని, "భోజనం?" అన్నారట.

వీసీ గారికి అప్పుడు తట్టింది, అన్నం కూడా ఎవరో వండితేనే ఉడుకుతుందని.

ఆయన గేటు దాటి బయటికి నడిచి వచ్చారు. వెనకే వచ్చిన బృందం గేటు లోపలే ఆగింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. నెల రోజుల తర్వాత ఆయన ఎండ చూడటం అదే. మా గుంపంతా ఎదురుగా ఉంది: మాలీలు, ప్రొఫెసర్లు, పిల్లలు, రిజిస్ట్రారు, సిద్ధాంతకర్త. ఆయన ఎవరినీ చూడలేదు, నర్సవ్వనే చూశారు.

"బాలనర్సవ్వ గారూ, మీ విషయం సానుభూతితో పరిశీలించాను. ఈ రోజే మీకు తిరిగి ప్రవేశం కల్పిస్తున్నాను. సర్వీసు తెగదు. ఫ్యాను కూడా మంజూరు. మీ ఒక్కరికి. గడికి ఒక్కరే కదా నియమం."

పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. నర్సవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఎంతసేపు తుడిచిందో! ఆ చేతులకు ఏముందని అంతసేపు తుడవడం? ఆ సమయానికి ఆమె కళ్లముందు ఏం తిరిగిందో నాకు తెలుసు. సాయంత్రానికి నెల నిండుతుంది.

ఐలయ్యే ముందు అన్నాడు. "పో వదినా. నువ్వన్న బతుకు. నిన్ను బయటికి దెచ్చిన పాపం నాదే, గదన్న కడుక్కపోతది."

"ఒప్పుకోండమ్మా" అన్నారు మురహరి గారు కూడా.

నేను నోరు మూసుకున్నాను. నినాదాలు ఇవ్వడం తేలిక. ఇంకొకరి సర్వీసు పణం పెట్టి ఇవ్వడం ఇంకా తేలిక. అందుకే మూసుకున్నాను.

నర్సవ్వ వీసీ గారి వైపు తిరిగింది. "నేనొక్కదాన్నే లోపలికొచ్చి వండుత సార్. నీళ్లు ఎవ్వలెక్కిస్తరు? గిన్నెలు ఎవ్వలు తోముతరు? సరే, అన్ని నేనే జేస్త. తినెటోల్లు ఏరి?"

"మేము నలుగురం ఉన్నాం కదా."

"నలుగురి కోసం గంత పెద్ద పొయ్యి ఎందుకు ముట్టియ్యాలె సార్? నీకు ఒక్కనివే కూసునుడు కుషీగున్నది. నాకు లేదు. వస్తె అందరం వస్తం. లేకుంటె నా సర్వీసు ఇక్కడ్నే తెగనియ్యి." అన్నది ధైర్యంతో కాదు, భయంతోనే. అయినా అనేసి, పులుసు కలపడానికి తిరిగింది.

వీసీ గారు మండిపడ్డారు. "చూశారా! ఇదీ ఉద్వేగం!" అని బృందంతో అని, విసవిసా లోపలికి నడవబోయారు. గేటు దగ్గర బల్ల మీద తుపాకి ఉంది, దాని పక్కన వారి ఉత్తర్వు అంటించి ఉంది. లోపలికి వచ్చే ప్రతివారినీ లోపలున్న అధికారి కొలవవలెను. లోపలున్నది ఇప్పుడు సత్యవ్రత్ గారు. ఆయన నియమాల మనిషి. తుపాకి తీసి గురిపెట్టారు.

"హై" అన్నారు.

"నేను వైస్ చాన్సలర్‌ని."

"తెలుసు. హోదాతో నిమిత్తం లేదని మీ చేతిరాతే ఉంది. మినహాయిస్తే మొదటి ర్యాంకు ఇవ్వలేను."

వీసీ గారు ఒక్క క్షణం తెల్లబోయారు. ఆ మరుక్షణం, ఒట్టు, ఆయన ముఖం వెలిగిపోయింది. "పనిచేస్తోంది! చూశారా, పథకం ఎంత నిష్పాక్షికంగా పనిచేస్తోందో!" అన్నారు. ఆనందంతో కళ్లు చెమర్చాయి.

బృందం అక్కడికక్కడే మొదటి ర్యాంకు రాసింది. ఫిర్యాదులు శూన్యం, కదలికలు శూన్యం, ఖర్చు శూన్యం. మా పులుసు వాసనకు ఒక సభ్యుడి ముక్కు ఇటు తిరిగింది గాని అధ్యక్షుడు ఒప్పుకోలేదు. కారెక్కి హైవే మీద హోటల్ వెతుక్కుంటూ పోయారు.

గేటు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. అడ్డుకోవాల్సినవాళ్లంతా బయటే ఉన్నారు, మాతోపాటు విస్తళ్ల ముందు.

నర్సవ్వ ఇది గమనించింది. గమనించడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, గేటు మూసి ఉందా తెరిచి ఉందా చూస్తే చాలు. పులుసు గిన్నె దించి నెత్తిన పెట్టుకుని నడిచింది. ఐలయ్య బియ్యం మూట ఎత్తుకున్నాడు. ఆ వెనక పిల్లలు, ప్రొఫెసర్లు, మాలీలు. ఎవరు ముందు నడిచారో ఎవరు వెనకో చెప్పలేం. సున్నపు గళ్లు కాళ్లకింద పడి చెరిగిపోయాయి. లింబాద్రి పక్కన నడుస్తూ, "పారుతున్నది, పారుతున్నది" అని గొణిగాడు. ఏం పారుతుందని అడగడానికి ఎవరికీ తీరిక లేదు.

మురహరి గారు గదిలోకి వెళ్లి హాజరు పట్టీ తెప్పించుకుని, ఆవిరైనవారెవరూ సర్వీసు నుంచి తప్పుకున్నట్టు కాదని రాసి సంతకం పెట్టారు. పాతికేళ్లలో సందేహం అడక్కుండా పెట్టిన మొదటి సంతకం. సాయంత్రం కావడానికి ఇంకా పొద్దుంది. వీసీ గారి గదికున్న ఎగ్జాస్టు ఫ్యాను ఆ పూటే ఊడి మెస్సు గోడకెక్కింది. ఎవరు ఊడదీశారో విచారణ జరగాల్సి ఉంది. అందరం కలిసి ఊడదీశాం, ఒకరిని వేరుచేసి చూపించడం కష్టం.

వీసీ గారు మాత్రం రాలేదు. నర్సవ్వే గేటు దాకా పోయి పిలిచింది. "సార్, రా సార్. ఒక్కనివే ఎండల ఏం జేస్తవ్? అన్నం తిందువు."

"ఉత్తర్వు లేకుండా ఎట్లా వస్తాను?" అన్నారాయన. నియమం నియమమే. తిరిగి ప్రవేశం కోరుతూ శాలువా పరుచుకుని నేల మీద కూర్చుని పద్ధతిగా దరఖాస్తు రాశారు. రాసి, తెరిచి ఉన్న గేటు ఊచల్లోంచే ఐలయ్యకు అందించారు.

"ఎవ్వలికియ్యాలె సార్?"

"వైస్ చాన్సలర్ గారికి."

"సారు బయటికి పోయిండు సార్."

"పర్వాలేదు. వచ్చేదాకా కూర్చుంటాను" అన్నారు పరాంకుశరావు గారు.